బోర్డు ఖరాబైందంటే ఏది ఖరాబైనట్టు?

1990ల్లో నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో, మిర్యాలగూడ, జడ్చర్ల లాంటి ఊళ్లలోనో బడికి పోయినవాళ్లకు వీడియో గేమ్ షాపు గురించి వేరే చెప్పనక్కర్లేదు. చీకటి మడిగె, అందులో రెండో మూడో చెక్క పెట్టెలు, ఒక్కో పెట్టె ముందు ఆడేవాడొకడు, వాడి వెనక సలహాలిచ్చేవాళ్లు నలుగురు. బిళ్ల వేస్తే ఆట మొదలు. స్ట్రీట్ ఫైటర్ 2 ఉండేది. అందరూ ముస్తఫా అని పిలిచిన ఆట ఉండేది. క్యాప్‌కామ్ 1993లో విడుదల చేసిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అదే. అందులో ముస్తఫా కైరో అనే పాత్ర మనవాళ్లకు ఎంతగా నచ్చిందంటే, ఆట పేరే అతని పేరైపోయింది.

ఆ పెట్టెలు కొన్ని ఇప్పుడు మళ్లీ బయటికి వస్తున్నాయి. అప్పట్లో ఆడినవాళ్లే ఇప్పుడు నాలుగు రాళ్లు సంపాదించుకుని, గొడౌన్ మూల నుంచో అటక మీది నుంచో వాటిని దింపించి ప్లగ్గు పెట్టి చూస్తున్నారు. చాలాసార్లు తెర మీద పిచ్చి గీతలు తప్ప ఏమీ రాదు. టీవీ మెకానిక్‌ను పిలిస్తే వెనక తలుపు తీసి, వందకు పైగా ఐసీలు, అంటే నల్లటి చిప్పులున్న బోర్డును చూసి, "ఇది ఖరాబైందన్నా, దొరకదిప్పుడు" అంటాడు. అక్కణ్నుంచి బోర్డు పాత సామాను తూకానికి కొనే కాటాకు పోతుంది.

నేను ఈ బోర్డుల మీదే పనిచేస్తాను. "ఖరాబైంది" అని పక్కన పడేసినవాటిలో ఎక్కువ వాటికి పోయేది ఒకటో రెండో భాగాలే. ఆ భాగం ఖరీదు చాయ్ సమోసా ఖర్చును మించదు. అసలు కష్టమంతా అది ఎక్కడుందో పట్టుకోవడంలో ఉంది. పట్టుకోవడానికి ఒక వరస ఉంది. ఆ వరస తప్పి, అనుమానం వచ్చిన ఐసీనల్లా పీకుతూ పోతే బతకాల్సిన బోర్డు మన చేతుల్లోనే చస్తుంది.

బోర్డు మీద ఉన్నదేమిటి

గేమ్ బోర్డు అంటే పూర్తి కంప్యూటర్. ఆట నడిపే ప్రాసెసర్ ఒకటి, శబ్దం చూసుకునే ప్రాసెసర్ ఇంకొకటి. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2లో మొదటిది మోటరోలా 68000, రెండోది జెడ్80. ఆట ప్రోగ్రాం ఈప్రామ్‌లనే చిప్పుల్లో ఉంటుంది, కరెంటు పోయినా అందులోది చెరగదు. బొమ్మలు వేరే ఈప్రామ్‌లలో, శబ్దాలు మరో ఈప్రామ్‌లో ఉంటాయి. ఆట నడుస్తుండగా స్కోరు ఎంత, ఎవడు ఎక్కడ నిలబడ్డాడు, తెర మీద ఏ చోట ఏ బొమ్మ రావాలి అన్నవన్నీ ర్యామ్ చిప్పుల్లో క్షణక్షణం రాసి చెరిపేస్తూ ఉంటుంది. వీటన్నిటి మధ్య సమాచారాన్ని అటూ ఇటూ చేరవేయడానికి 74ఎల్ఎస్ కుటుంబానికి చెందిన చిన్న చిన్న ఐసీలు పదుల సంఖ్యలో ఉంటాయి.

పెట్టెకు, బోర్డుకు మధ్య జామా కనెక్టర్ ఉంటుంది. 1985లో జపాన్ తయారీదారుల సంఘం పెట్టిన ప్రమాణం అది. బోర్డు అంచున ఒక్కో వైపు 28 చొప్పున 56 కాళ్లు. కరెంటు, స్పీకరు, తెరకు పోయే ఎరుపు, ఆకుపచ్చ, నీలం, బొమ్మను తెర మీద నిలకడగా ఉంచే సింక్ సంకేతం, ఆడే కర్ర (జాయ్‌స్టిక్), బటన్లు, బిళ్ల పడిందన్న సంకేతం అన్నీ ఈ ఒక్క కనెక్టర్ గుండానే పోతాయి. షాపువాళ్లు పెట్టె మార్చకుండా నెల నెలా ఆట మార్చగలిగింది దీని పుణ్యమే. రిపేరు చేసేవాడికీ ఇది వరమే. బోర్డును పెట్టెలోంచి తీసి, బల్ల మీద వేరే పవర్ సప్లైకి తగిలించి, తప్పు బోర్డుదా పెట్టెదా అన్నది ముందు తేల్చుకోవచ్చు.

ఒక జాగ్రత్త. పెట్టెలోని పిక్చర్ ట్యూబు తెరను, సప్లైని అలవాటు లేనివాళ్లు ముట్టుకోవద్దు. ట్యూబు యానోడ్ దగ్గర 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా అది నిలిచి ఉండొచ్చు. సప్లైలోని పెద్ద కండెన్సర్ మీద మన 230 వోల్టుల కరెంటు సుమారు 325 వోల్టుల డీసీగా నిలబడుతుంది. బోర్డు మీద ఉండేది 5, 12 వోల్టులే కాబట్టి దానితో ప్రాణభయం లేదు.

ముందు కరెంటు చూడాలి

బోర్డు వెలగకపోతే చాలామంది చేయి మొదట పెద్ద చిప్పు మీదికి పోతుంది. పోవాల్సింది మల్టీమీటరు మీదికి. ప్లగ్గు పెట్టకముందే 5 వోల్టుల లైనుకు, గ్రౌండుకు మధ్య షార్ట్ ఉందేమో చూడాలి. లేకపోతే కరెంటిచ్చి వోల్టేజీ కొలవాలి. ఎక్కడ కొలుస్తామన్నదే ఇక్కడ ముఖ్యం. సప్లై దగ్గర మీటరు 5.05 చూపిస్తుంది, మెకానిక్ "కరెంటు సరిగ్గానే ఉంది" అని ముందుకు పోతాడు. అదే మీటరును బోర్డుకు అవతలి మూలనున్న ఐసీ కాళ్ల మీద పెడితే 4.6 చూపించొచ్చు. ఆ మధ్యలో ఉన్న సన్న వైర్లు, నల్లబడ్డ కనెక్టర్ కాళ్లు తలా కాస్త మింగేస్తాయి. 74ఎల్ఎస్ ఐసీలకు 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉంటేనే పని చేస్తామని తయారీదారుల హామీ. అంతకు తగ్గితే పూర్తిగా ఆగిపోతే బాగుండేది. అలా ఆగవు, ఒకటి చదివి ఇంకొకటి అంటాయి. ఆట మొదలై మధ్యలో తనంతట తానే మొదటికి వస్తుంది, లేకపోతే యోధుల ఒంటి మీద గీతలు పడతాయి. చూసేవాళ్లకు పెద్ద రోగంలాగే కనిపిస్తుంది.

దీనికి మందు సులువు. కనెక్టర్ కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి. 5 వోల్టులకు, గ్రౌండుకు ఉన్న కాళ్లన్నిటికీ లావు వైర్లు వేయాలి. జామాలో ఈ రెంటికీ ఒక్కోదానికి నాలుగేసి, అంతకన్నా ఎక్కువ కాళ్లు ఇచ్చింది ఇందుకే. మన షాపుల్లో వాటిలో ఒక్కదానికే వైరు వేసి వదిలేసిన పెట్టెలు ఎన్నో కనిపిస్తాయి. తరవాత సప్లై మీది చిన్న స్క్రూ తిప్పి, బోర్డు మీద 5 నుంచి 5.1 మధ్య ఉండేట్టు పెట్టాలి. సప్లై దగ్గర చూసి పెట్టకూడదు. శబ్దం ఒక్కటే రాకపోతే ఇదే కొలతతోపాటు 12 వోల్టులను కూడా చూడాలి. యాంప్లిఫయర్ ఐసీ బతికేది దాని మీదే.

ఆ తరవాత సాకెట్లు. ఈప్రామ్‌లు సాకెట్లలో కూర్చుని ఉంటాయి. ఎండాకాలం 44, 45 డిగ్రీలకు పోయి చలికాలం చల్లబడే మన దగ్గర ఆ కాళ్లు ఏళ్ల తరబడి వ్యాకోచిస్తూ సంకోచిస్తూ కొంచెం కొంచెంగా పైకి జరుగుతాయి, పైన తుప్పు పొర కడుతుంది. ఒక్కోటీ జాగ్రత్తగా లేపి, కాళ్లు తుడిచి, తిరిగి అదే దిక్కున కూర్చోబెడితే బోర్డు లేచి కూర్చున్న సందర్భాలు తక్కువేం కాదు. దిక్కు తప్పితే మాత్రం చిప్పు కాలుతుంది, కాబట్టి తీసేముందే ఫోనుతో ఫొటో తీసుకోవాలి.

ఇవన్నీ అయ్యాక కూడా ఆట రాకపోతే, అప్పుడు నిజమైన వెతుకులాట మొదలు.

పిచ్చి గీతలు చెప్పే కబురు

తెర నిండా అర్థం లేని గళ్లు, ముక్కలైన అక్షరాలు, రంగుల మరకలు కదలకుండా నిలబడి ఉన్నాయనుకుందాం. ఇంటాయన దీన్ని చూసి "మొత్తం పోయింది" అంటాడు. నాకు ఇది మంచి కబురు. ఎందుకంటే, కరెంటు ఇవ్వగానే ర్యామ్‌లో ఏదో ఒక చెత్త ఉంటుంది. వీడియో భాగం ఆ చెత్తనే నమ్మకంగా చదివి, బొమ్మల ఈప్రామ్‌లోంచి దానికి తగ్గ ముక్కలు తీసి తెర మీద వేస్తోంది. అంటే బోర్డునంతా ఒకే లయలో నడిపే గడియారపు సంకేతం, సింక్, వీడియో సర్క్యూటు చాలావరకు పనిచేస్తున్నాయి. ఆ చెత్తను తుడిచేసి అసలు బొమ్మ పెట్టాల్సిన ప్రాసెసర్ ఆ పని చేయడం లేదు. సగం బోర్డు మీద అనుమానం అక్కడికక్కడే తీరిపోయింది.

అదే చెత్త క్షణానికోసారి మెరిసి మారుతుంటే కథ ఇంకొంచెం ముందుకు పోయినట్టు. ఈ బోర్డుల మీద వాచ్‌డాగ్ అనే కాపలా సర్క్యూటు ఉంటుంది. ప్రోగ్రాం సరిగ్గా నడుస్తుంటే నిర్ణీత కాలానికోసారి దానికి "ఉన్నాను" అని సంకేతం పంపాలి. పంపకపోతే అది ప్రాసెసర్‌ను రీసెట్ చేస్తుంది. మెరుపులు వస్తున్నాయంటే ప్రాసెసర్ లేస్తోంది, కొన్ని అడుగులు వేస్తోంది, దారి తప్పుతోంది, కాపలావాడు మళ్లీ మొదటికి తెస్తున్నాడు.

ఆట మామూలుగా నడుస్తూ, దెబ్బలు తగులుతూ, స్కోరు పెరుగుతూ, యోధుల ఒళ్లు మాత్రం నిలువు గీతలుగా చీలి కనిపిస్తే ప్రాసెసర్‌కు, దాని ర్యామ్‌కు, ప్రోగ్రాంకు ఏ జబ్బూ లేదు. బొమ్మల ఈప్రామ్‌లలో ఒకటో, వాటిని మోసే లైన్లలో ఒకటో పోయింది. గీతలు సమానమైన ఎడంతో ఉంటే ఇంకా మంచిది. ఒకే ఒక్క బిట్టు, అంటే సున్నానో ఒకటో మోసే ఒక్క లైను పోయిందనడానికి అది గుర్తు. ఒక రంగు పూర్తిగా మాయమైతే బోర్డు జోలికి పోకముందు తెరకు పోయే వైరు చూడాలి.

కొన్ని బోర్డులు తమ జబ్బును మాటల్లోనే చెబుతాయి. ఎస్ఎన్‌కే వాళ్ల నియో జియో అందులో ఉత్తమం. 1990లో వచ్చింది. కరెంటు ఇవ్వగానే అది తన ర్యామ్‌ను తానే పరీక్షించుకుని, తేడా ఉంటే వర్క్ ర్యామ్ ఎర్రర్ అని రాసి, కింద ఏ చిరునామాలో ఏం రాశానో, తిరిగి ఏం చదివానో అంకెల్లో చూపిస్తుంది. రాసింది 5555, చదివింది 5557 అనుకుందాం. ఇవి పదహారు ఆధారంగా ఉన్న అంకెలు, ఒక్కోటీ నాలుగు బిట్లకు సమానం. చివరి 5 అంటే 0101. 7 అంటే 0111. తేడా ఒక్క బిట్టులోనే ఉంది. కుడి నుంచి రెండోది సున్నా కావాల్సిన చోట ఒకటిగా బిగుసుకుంది. 68000 ఒకేసారి 16 బిట్లు చదువుతుంది, ర్యామ్ చిప్పులు 8 బిట్లవి కాబట్టి పక్కపక్కన రెండు ఉంటాయి. పై 8 బిట్లు సరిగ్గా 55గానే వచ్చాయి, అంటే పై సగాన్ని మోసే చిప్పు నిక్షేపంగా ఉంది. తప్పు కింది సగాన్ని మోసే చిప్పుది, లేకపోతే ఆ రెండో బిట్టు నడిచే ట్రాక్‌ది, అంటే బోర్డు మీది రాగి గీతది. అన్ని ఐసీల బోర్డు మీద, టంకం ఇనుము చేత పట్టకముందే, ఒక్క చిప్పు దగ్గరికి వచ్చి నిలబడ్డాం.

లాజిక్ ప్రోబుతో ఒక ఐసీ దాకా

నోరు తెరవని బోర్డు అయితే మనమే అడగాలి. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక స్ట్రీట్ ఫైటర్ కాపీ బోర్డు సంగతి చెబుతాను. చెత్త తెర, క్షణానికోసారి మెరుపు. వోల్టేజీ సరిచేశాను, సాకెట్లు తుడిచాను, అయినా అంతే.

లాజిక్ ప్రోబు అంటే పెన్ను లాంటి పనిముట్టు. మొనను ఐసీ కాలు మీద పెడితే ఎర్ర దీపం ఒకటిని, ఆకుపచ్చ దీపం సున్నాను చూపిస్తాయి, సంకేతం కొట్టుకుంటుంటే మూడో దీపం మెరుస్తుంది. ఏ దీపమూ వెలగకపోవడం కూడా ఒక జవాబే. ఈ ఐసీల లెక్కలో 0.8 వోల్టులకు తక్కువ సున్నా, 2 వోల్టులకు ఎక్కువ ఒకటి. రెంటి మధ్య వేలాడుతోందంటే ఆ లైనును నడపాల్సినవాడు ఎవడూ నడపడం లేదు.

ముందు 68000 మీద పెట్టాను. 15వ కాలు మీద గడియారపు సంకేతం కొట్టుకుంటోంది. 18వ కాలు రీసెట్, అది ఒక లయలో కిందికి పడి లేస్తోంది, అంటే వాచ్‌డాగ్ తన పని చేస్తోంది. ప్రోగ్రాం ఈప్రామ్‌లను తీసి రీడర్‌లో చదివించాను. ఇక్కడ మామే (MAME) అనే సాఫ్ట్‌వేర్ చేసిన మేలు చెప్పుకోవాలి, పాత ఆటలను మామూలు కంప్యూటర్ మీద నడిపించే ఎమ్యులేటర్ అది. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన ఆ ఎమ్యులేటర్‌లో వేల ఆటల ఒక్కో ఈప్రామ్‌కూ ఉండాల్సిన చెక్‌సమ్, అంటే లోపలి సమాచారమంతటి నుంచి లెక్కగట్టిన సరిచూపు అంకె, రాసి ఉంటుంది. మన చిప్పులోంచి వచ్చిన అంకె దానితో సరిపోతే ఆ చిప్పు మీద అనుమానం అక్కర్లేదు. ఇలాంటి కాపీలకు సైతం అందులో పద్దులున్నాయి. ఈ బోర్డులో అన్నీ సరిపోయాయి.

మిగిలింది ప్రాసెసర్‌కు, ర్యామ్‌కు మధ్య దారి. ఆ దారిలో ఒక 74ఎల్ఎస్245 ఉంది. ఇరవై కాళ్ల ఐసీ, ఎనిమిది లైన్లను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దాటిస్తుంది. 2 నుంచి 9 దాకా ఒక ఒడ్డు, 18 నుంచి 11 దాకా అవతలి ఒడ్డు. ఎదురెదురు జతలు ఒక్కోటీ చూసుకుంటూ పోయాను. 2వ కాలు కొట్టుకుంటోంది, 18 కొట్టుకుంటోంది. 3, 17 సరే. 4, 16 సరే. 5వ కాలు కొట్టుకుంటోంది, దాని జత 15 దగ్గర ఏ దీపమూ లేదు. పక్కకు జరిపి మళ్లీ పెట్టినా లేదు. 20వ కాలుకు 5 వోల్టులు అందుతున్నాయి, దారి తెరిచే 19వ కాలు కదులుతోంది, మిగతా జతలన్నీ బాగున్నాయి. ఎనిమిది దారుల్లో ఒకటి లోపలే తెగింది. చిప్పు మీద ఫుజిట్సు గుర్తు ఉంది. ఆ కాలపు ఫుజిట్సు ఐసీలు సరిగ్గా ఇలాగే, బయటికి ఏ మచ్చా లేకుండా లోపల తెగిపోతాయని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

పీకే ముందు ఇంకో పరీక్ష ఉంది. మంచి 245ను తీసుకుని చెడ్డదాని వీపు మీద, కాలుకు కాలు తగిలేట్టు బోర్లించకుండా కూర్చోబెట్టి కరెంటివ్వాలి. లోపల తెగి వేలాడుతున్న లైనైతే పైనున్న మంచి చిప్పు దాన్ని నడుపుతుంది, ఆట వస్తుంది. లోపల షార్టై బిగుసుకున్నదైతే ఈ పరీక్ష పనికిరాదు. పైదానిని కిందది లాగేస్తుంది. ఇక్కడ తెగిన లైనే కాబట్టి తెర మీద ఎదురుచూసిన బొమ్మ వచ్చింది.

తీసేటప్పుడు తొందర పనికిరాదు. పాత ఐసీని కాపాడాలన్న ఆశ వదులుకుని, ముందు కాళ్లన్నీ సన్న కట్టర్‌తో కత్తిరించేయాలి. తరవాత ఒక్కో కాలునూ వేడి చేసి తీసి, రంధ్రంలోని టంకాన్ని సక్కర్‌తో లాగాలి. ఐసీని ఒక్కసారిగా లాగేస్తే రంధ్రం లోపలి రాగి గొట్టం, దానితోపాటు ట్రాక్ లేచి వస్తాయి. తొంభై శాతం పని అక్కడే పాడవుతుంది అంటే అతిశయోక్తి కాదు. కొత్త ఐసీని నేరుగా అతకకుండా ముందు సాకెట్ వేస్తాను. రేపు ఇంకొకరు చూడాల్సి వస్తే వాళ్లకు సులువు.

చచ్చిపోవడానికే పెట్టిన బ్యాటరీ

ఇప్పటిదాకా చెప్పినవన్నీ వయసుతో వచ్చే జబ్బులు. ఇంకో రకం చావు ఉంది. తయారీదారులే దాన్ని బోర్డులో పెట్టారు.

కాపీలు ఆపడానికి 1980ల చివర్లో సెగా తన 68000 ప్రాసెసర్‌ను ఎఫ్‌డీ1094 అనే మూసిన డబ్బాలో పెట్టి, ప్రోగ్రాంను గుప్తలిపిలో రాసింది. దాన్ని విప్పే కీ ఆ డబ్బాలోని ర్యామ్‌లో ఉంటుంది, ర్యామ్‌కు ఊపిరి ఒక చిన్న బ్యాటరీ. 1993లో క్యాప్‌కామ్ సీపీఎస్-2 బోర్డుల్లోనూ ఇదే పని చేసింది. బీరువా తాళం చెవిని మంచుగడ్డతో చేయించి ఫ్రిజ్‌లో దాచినట్టు. బ్యాటరీ అయిపోయిన రోజున కీ చెరిగిపోతుంది. ప్రోగ్రాం అలాగే ఉంటుంది, చదివేవాడు ఉండడు. తెర మొత్తం ఒకే రంగు పులుముకుని ఆగిపోతుంది. ముస్తఫా అసలు బోర్డులో కూడా, శబ్దం నడిపే జెడ్80ని కబుకీ అనే గుప్తలిపి చిప్పుగా మార్చి పెట్టారు. దానికీ బ్యాటరీ కావాలి.

ఆట కొన్నవాడు ఏ తప్పూ చేయకపోయినా ఏళ్ల తరవాత అతని బోర్డు తనంతట తాను చచ్చిపోయేట్టు కట్టడం నాకు అన్యాయంగానే తోస్తుంది. వ్యాపారం కాపాడుకోవడం న్యాయమే. కానీ ఆ ఆటకు కాపీ గిరాకీ తీరిపోయాక కూడా బోర్డు చావు మాత్రం ఆగదు.

దాన్ని ఆపే దారి వెతికినవాళ్లు ఔత్సాహికులు. 2001 జనవరిలో సీపీఎస్2షాక్ అనే బృందం సీపీఎస్-2 ఆటల ప్రోగ్రాంను విప్పిన రూపంలో బయటికి తీయగలిగింది. 2007లో ఆండ్రియాస్ నైవ్, నికోలా సాల్మోరియా ఆ గుప్తలిపి పద్ధతినే పూర్తిగా ఛేదించారు. 2016 నాటికి చనిపోయిన బోర్డులోకి అసలు కీని మళ్లీ ఎక్కించే పద్ధతి కూడా వచ్చింది. కాబట్టి ఒకే రంగు తెర చూసి సీపీఎస్-2 బోర్డును పారేయకండి. ఇంకా బతికే ఉన్న బోర్డయితే, దానిలోని 3.6 వోల్టుల లిథియం బ్యాటరీ ఎప్పుడు మార్చారో తెలియకపోతే ఈ నెలలోనే మార్పించండి.

నియో జియో లాంటి కొన్ని బోర్డుల మీద ఇంకో రకం బ్యాటరీ ఉంటుంది, ఛార్జయ్యే నికెల్ కాడ్మియంది. దానికి కీతో సంబంధం లేదు, లెక్కలు, సెట్టింగులు గుర్తుంచుకోవడానికే. కానీ అది వయసు మీరి క్షారాన్ని కక్కుతుంది. చుట్టుపక్కల ట్రాకులు ఆకుపచ్చ చిలుము పట్టి తెగిపోతాయి. బ్యాటరీని కత్తిరించి తీసేసి, సిర్కాలో ముంచిన బ్రష్‌తో ఆ చోటంతా రుద్దాలి. ఆమ్లం క్షారాన్ని చంపుతుంది. తరవాత నీళ్లతో, ఆపైన ఆల్కహాలుతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. తెగిన ట్రాకుల మీద సన్న జంపర్ వైర్లు వేసి, దారి ఎక్కడా తెగలేదని మీటరుతో చూసుకోవాలి.

కాపీ బోర్డుల సంగతి

మన ఊళ్లలో నేను చూసినవాటిలో ఎక్కువ కాపీ బోర్డులే. ఇది దాచాల్సిన విషయం కాదు. అసలు బోర్డు కొనే స్తోమత చిన్న షాపువాళ్లకు లేదు. గాల్లో ఎగురుతూ హడోకెన్ అనే నిప్పుముద్ద వేసే స్ట్రీట్ ఫైటర్ ఆడినవాళ్లు ఆడింది అలాంటి మార్చిన కాపీనే. ఆట తయారు చేసినవాళ్లకు రావాల్సిన డబ్బు దానివల్ల రాలేదు, అది తప్పే.

కానీ రిపేరు బల్ల మీద అవి ఇంకో రకంగా కనిపిస్తాయి. అసలు బోర్డులో క్యాప్‌కామ్ సొంతంగా చేయించుకున్న సీపీఎస్-ఏ, సీపీఎస్-బీ లాంటి చిప్పులున్నాయి. వాటిని బజారులో ఎప్పుడూ అమ్మలేదు. వాటిలో ఒకటి పోతే ఇంకో చచ్చిన బోర్డు నుంచి తీయడమే. కాపీ చేసినవాళ్లకు ఆ చిప్పులు దొరకవు కనుక అదే పనిని మామూలు 74ఎల్ఎస్ ఐసీలను కుప్పగా పోసి చేయించారు. అందుకే కాపీ బోర్డు మీద ఐసీలు ఎక్కువ, వేడి ఎక్కువ, టంకం నాసి. అయినా అందులో ఒక్కో ఐసీ కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే దొరికేదే. ఆత్మహత్య బ్యాటరీ లేదు. పేరున్న బోర్డు చచ్చి మూలన పడి ఉండగా దాని కాపీ నడుస్తూనే ఉండటానికి కారణం ఇదే. ముస్తఫా కాపీలకు మాత్రం ఒక మెలిక ఉంది. అసలు దానిలోని క్యూసౌండ్ అనే శబ్ద వ్యవస్థ బదులు వాటిలో పిక్ మైక్రోకంట్రోలర్ అనే, సొంత ప్రోగ్రాం ఉన్న చిప్పు, ఓకేఐ 6295 అనే శబ్దపు చిప్పు పెట్టారు. పిక్‌లోని ప్రోగ్రాం చదవకుండా తాళం వేసిన బోర్డుల్లో ఆ చిప్పు పోతే శబ్దం తిరిగి తేవడం చాలా కష్టం.

కాటాకు వేసే ముందు

ఈప్రామ్‌ల నెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది. అల్ట్రావయొలెట్ కాంతితో లోపలి సమాచారం చెరపడానికే అది. దాని మీది స్టిక్కరు మన ఎండలకు ఊడిపోతుంది. ట్యూబులైటు వెలుతురులో సుమారు మూడేళ్లు, నేరుగా ఎండలో సుమారు వారం ఉంటే చెరిగిపోవచ్చని తయారీదారులే డేటాషీట్లలో రాశారు. బోర్డు దింపగానే కిటికీలన్నిటి మీదా కొత్త స్టిక్కర్లు వేయాలి. వీలైనంత త్వరగా అన్నీ చదివించి కాపీ దాచుకోవాలి.

కొనేటప్పుడు ఐసీ పైభాగం మరీ నున్నగా, అక్షరాలు మరీ తెల్లగా ఉంటే అసిటోన్ అద్దిన దూదితో రుద్ది చూడాలి. రుద్ది కొత్త నంబరు అచ్చేసిన చిప్పులు బజారులో ఉన్నాయి. అక్షరాలు చెరిగి కింద ఇంకో నంబరు కనిపిస్తే తిరిగిచ్చేయాలి.

నిజంగా లేవని బోర్డులూ ఉంటాయి. సొంత చిప్పు పోయినవి, ఎవరో ఇనుముతో ట్రాకులన్నీ లేపేసినవి, ఎలుకల మూత్రం పొరలను తినేసినవి. వాటిని కిలోల లెక్కన అమ్మేస్తే వచ్చేది కొద్ది రూపాయలు. అందులోని భాగాలు మాత్రం రోజురోజుకూ అరుదవుతున్నాయి. 1976 నుంచి తయారైన జెడ్80 ప్రాసెసర్‌ను జైలాగ్ 2024లో ఆపేసింది. ఆ ఏడాది జూన్ 14 దాకానే ఆర్డర్లు తీసుకుంది. ఇకమీదట పాత బోర్డులకు జెడ్80 కావాలంటే మిగిలిన నిల్వలు చూడాలి, లేదా ఇంకో పాత బోర్డు చూడాలి. కాబట్టి లేవని బోర్డును కూడా అట్టపెట్టెలో పెట్టి, మీద ఏ లక్షణంతో ఆగిందో, వోల్టేజీ ఎంత చూశారో, ఏయే చిప్పులు చదివించి సరే అనుకున్నారో ఒక కాగితం మీద రాసి అంటించండి. అదే ఆట బోర్డు ఇంకెవరి దగ్గరో సొంత చిప్పు కోసం ఆగి ఉండొచ్చు. దాన్ని తీసేవాడికి ఆ కాగితం ఉంటే మొదటి నుంచి మొదలుపెట్టే పని ఉండదు.